టీకి ఆకు ముఖ్యమా, నీళ్ళు ముఖ్యమా? చైనావాళ్ళ నీళ్ళ పిచ్చి మీద ఒక చర్చ

బోరునీటి బాబాయ్ (హైదరాబాద్), మే 12

ఏప్రిల్‌లో మా మేనల్లుడు ఆఫీసు పనిమీద చైనాలోని హాంగ్‌జౌ వెళ్ళొస్తూ నాకో చిన్న లాంగ్‌జింగ్ టీ డబ్బా తెచ్చాడు. వెల చెప్పరా అంటే నవ్వి ఊరుకున్నాడు. అక్కడ దుకాణంలో గాజు గ్లాసులో పోసి ఇచ్చిన టీ వీడియో చూపించాడు. ఆకులు గ్లాసులో నిటారుగా నిలబడి ఉన్నాయి, నీళ్ళు లేత వరినారు రంగులో ఉన్నాయి. "వేయించిన పెసరపప్పు వాసన వస్తుంది మామయ్యా" అన్నాడు.

మా ఇంట్లో అదే ఆకు, అదే కొలత. వచ్చింది మాత్రం గోధుమరంగు కషాయం. పైన సన్నటి తెట్టు, గ్లాసు గోడకి మరక, వాసన సున్నా. మాది అపార్ట్‌మెంటు బోరు. టీడీఎస్ మీటరు పెడితే లీటరుకి 870 మిల్లీగ్రాముల లవణాలు చూపించింది. వాడికి ఫోన్ చేసి చెప్తే, "ఆకు పట్టుకెళ్తున్నావు సరే, హూపావ్ ఊట నీళ్ళు ఎలా పట్టుకెళ్తావు అని దుకాణం పెద్దాయన అప్పుడే అడిగాడు మామయ్యా" అంటాడు.

ఇది అమ్ముకునేవాడి మాటకారితనమా, లేక నీళ్ళలో నిజంగా అంత విషయం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కెమిస్ట్రీ మాస్టారు (గుంటూరు), మే 12

బాబాయ్ గారూ, మీరు చూసిన తెట్టు పేరు ఏదైనా, దాని తండ్రి కాల్షియం, తల్లి బైకార్బనేటు. గట్టి నీళ్ళు కాగినప్పుడు టీలోని పాలీఫినాల్సు (వగరునిచ్చే పదార్థాలు), కాల్షియం, గాలిలోని ఆక్సిజను కలిసి పైన పొర కడతాయి. నమ్మకం లేకపోతే రెండు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి, పొర విరిగిపోతుంది. రంగు ముదరడం కూడా అందుకే. బైకార్బనేటు క్షారగుణం వల్ల పచ్చ టీ పసుపు గోధుమ రంగులోకి దిగుతుంది.

మనం పాలు, పంచదార, అల్లం వేసి మరగబెడతాం కాబట్టి మనకిది ఎప్పుడూ పట్టలేదు. ఉత్త ఆకు, ఉత్త నీళ్ళు అన్నప్పుడు దాక్కోవడానికి నీళ్ళకి చోటు లేదు. ఇంకో సంగతి, సలసల కాగే నీళ్ళు పోయకండి. లాంగ్‌జింగ్‌కి 80, 85 డిగ్రీలు చాలు.

గోదారిగట్టు, మే 12

ఇందులో చైనా గొప్పేముందండీ. మా అమ్మమ్మ బావి నీళ్ళతో కందిపప్పు ఉడకదని కావిడి వేయించి కాలవ నీళ్ళు తెప్పించేది. ఇంట్లో తాగడానికో నీళ్ళు, పప్పుకో నీళ్ళు, బట్టలకో నీళ్ళు. ఆవిడ పుస్తకాలేమీ రాయలేదు, అంతే తేడా.

అలకనంద (షాంఘై), మే 13

గోదారిగట్టు గారూ, ఆ "పుస్తకాలు రాయలేదు" అన్న దగ్గరే అసలు కథ ఉంది. చైనాలో రాశారు. రాసి, వెయ్యేళ్ళకి పైగా కొట్టుకున్నారు.

నేనిక్కడ ఆరేళ్ళుగా ఉంటున్నాను, హాంగ్‌జౌ రైల్లో గంట దూరం. హూపావ్ అంటే "పులి తవ్విన" ఊట. ఒక బౌద్ధ భిక్షువు నీళ్ళు లేక చోటు మారుద్దామనుకుంటే రెండు పులులొచ్చి నేల తవ్వాయని స్థలపురాణం. లాంగ్‌జింగ్ ఆకు, హూపావ్ నీళ్ళు కలిపి హాంగ్‌జౌ పడమటి సరస్సుకి జంట రత్నాలంటారు. ఊట దగ్గర ఇప్పటికీ ఊరి ముసలివాళ్ళు డబ్బాలతో వరసకట్టి నీళ్ళు పట్టుకెళ్తుంటారు. గ్లాసు అంచుదాకా పోసి మెల్లగా నాణేలు వేస్తే నీళ్ళు అంచు మీద ఉబ్బుతాయి కానీ పొర్లవు. ఈ విద్య చూపించి మరీ మురిసిపోతారు.

(మాస్టారు ఇప్పుడు ఏ నీళ్ళయినా కొంచెం ఉబ్బుతాయమ్మా అంటారని తెలుసు.)

లాంగ్‌జింగ్ అన్న మాటకి అర్థం "డ్రాగన్ బావి". అంటే ఆ టీకి పెట్టుకున్న పేరే ఒక బావి పేరు, చెట్టు పేరు కాదు.

కెమిస్ట్రీ మాస్టారు, మే 13

ఏ నీళ్ళయినా కొంచెం ఉబ్బుతాయమ్మా.

కానీ ఆ కొండలు క్వార్ట్జ్ ఇసుకరాయి. అందులోంచి దిగే నీటికి కరిగించుకోవడానికి సున్నం దొరకదు, కాబట్టి ఖనిజాలు తక్కువ. దుకాణం పెద్దాయన అబద్ధం చెప్పలేదు.

అలకనంద, మే 13

ఇక ఆ పుస్తకం సంగతి. టాంగ్ రాజుల కాలంలో, 8వ శతాబ్దంలో, లు యూ అనే ఆయన "ఛా జింగ్" రాశాడు. టీ శాస్త్రం అనుకోండి. నీళ్ళ గురించి ఆయన తీర్పు ఒక్క వాక్యం: కొండ నీళ్ళు ఉత్తమం, నది నీళ్ళు మధ్యమం, బావి నీళ్ళు అధమం.

అక్కడితో వదల్లేదు. కొండ నీళ్ళలోనూ రాళ్ళ గుంటల్లోకి మెల్లగా ఊరి పారేవే తీసుకోవాలట. దూకే నీళ్ళు, సుడులు తిరిగే నీళ్ళు ముట్టుకోవద్దు, అవి చాలాకాలం తాగితే మెడ జబ్బు వస్తుందన్నాడు. నది నీళ్ళయితే జనావాసానికి దూరంగా ముంచుకోవాలి. బావి నీళ్ళే గతి అయితే పదిమందీ చేదే బావి చూసుకోవాలి. వాడకం లేని బావి పనికిరాదు.

కాచడానికీ లెక్కే. చేపకళ్ళలాంటి బుడగలు లేచి సన్నగా సద్దు చేస్తే మొదటి పొంగు, అప్పుడు చిటికెడు ఉప్పు. అంచుల వెంట ముత్యాల సరాల్లా బుడగలొస్తే రెండోది. అప్పుడు ఒక గరిటెడు నీళ్ళు తీసి పక్కన పెట్టుకుని, వెదురు పుల్లతో సుడి తిప్పి, మధ్యలో టీ పొడి వేయాలి. అలల్లా ఎగిసిపడితే మూడోది, తీసిపెట్టిన గరిటెడు నీళ్ళు పోసి ఆపాలి. ఆ తర్వాత కూడా కాగితే నీళ్ళు "ముసలివైపోయాయి", పారబొయ్యి అన్నాడు.

గోదారిగట్టు, మే 13

మెల్లగా ఊరే నీళ్ళంటే చెలమ నీళ్ళేగా! ఎండాకాలం గోదారి ఇసకలో చెయ్యితో తవ్వితే ఊరేవి. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ తాగలేదు. సరే, లు యూ గారు మావాడే, ఒప్పుకున్నాను.

చెంగ్డూ డాక్టర్ (కరీంనగర్), మే 14

అలకనంద మేడం, మీ లు యూ లెక్క మా చెంగ్డూల నడవదు. నేను ఎంబీబీఎస్ అక్కడనే చదివిన, ఐదేండ్లున్న. చదువు కన్నా టీ కొట్లనే ఎక్కువ కూసున్న అని మా అమ్మ ఇప్పటికీ తిడుతది.

ఆ ఊరు మైదానం. కొండ ఊట ఎవడు తెస్తడు? బావులు ఎన్నో ఉండేవి గని నీళ్ళు చవుడు. అందుకే పాతకాలం టీ కొట్లు బయట "నది నీళ్ళ కమ్మని టీ" అని బోర్డు పెట్టుకునేటోళ్ళట. ఆకు పేరు గాదు, నీళ్ళ పేరే బోర్డు మీద! నది నుంచి కావడ్ల మీద నీళ్ళు మోసుడే ఒక వృత్తి. ఆ నీళ్ళు మిన్ నదివి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంల లీ బింగ్ అనే అధికారి దూజియాంగ్‌యాన్ కాడ నదిని చీల్చి మైదానానికి మళ్ళిచ్చిండు. కట్ట లేదు, గేట్లు లేవు, నది వంపును వాడుకొని పాయలు చేసిండు. ఇప్పటికీ పంటలకు ఆ నీళ్ళే. చెంగ్డూ టీ కొట్ల కల్చర్ అంతా ఆ పని మీదనే కూసున్నది అంటే తప్పుగాదు.

ఇంకోటి. బీదోళ్ళు ఇంట్ల కట్టెలు దండగని టీ కొట్లనే వేడినీళ్ళు కొనుక్కపోయేటోళ్ళు. షాంఘై దిక్కు కూడ వేడినీళ్ళు అమ్మే దుకాణాలుండె, "పులి పొయ్యిలు" అనేటోళ్ళు. నిజమేనా మేడం?

అలకనంద, మే 14

నిజమే డాక్టరుగారూ. లావోహూజావ్. మా వీధి చివర ఉండేదని మా ఇంటి పక్కావిడ చెప్తుంది. వెదురు బిళ్ళ ఇచ్చి ఫ్లాస్కు నింపించుకునేవారట. ఇప్పుడు ఆ చోట ఫోన్ల రిపేరు షాపు.

బీజింగ్‌లోనూ మీ చెంగ్డూ కష్టమే. బావులు చేదు. మల్లెపూల వాసన పట్టించిన టీ అక్కడ అంత ఇష్టపడటానికి ఆ నీళ్ళే కారణమని చెప్తారు. చేదుని పువ్వు కప్పేస్తుంది కదా. ఆ మల్లె టీ పుట్టిల్లు ఫూజౌ. అక్కడ నది ఒడ్డు ఒండ్రులో మల్లె, పైన మంచు పట్టే కొండల మీద టీ. రాత్రిపూట మొగ్గ విచ్చుకునేటప్పుడు ఆకుతో కలిపి పెడతారు. ఆకు వాసనతోపాటు పువ్వు తేమనీ పీలుస్తుంది, అందుకే ప్రతి విడతకీ మళ్ళీ ఆరబెట్టాలి. ఈ ఏర్పాటంతటినీ 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

బోరునీటి బాబాయ్, మే 14

అడిగింది ఒకటి, దొరికింది వంద. కానీ ఒక అనుమానం. మీరంతా కాచే నీళ్ళ గురించే చెప్తున్నారు. పెంచే నీళ్ళ మాటేమిటి? ఆ చెట్టుకి కూడా ఇంత పెంకితనం ఉందా?

నీలగిరి రాజు (కూనూరు), మే 15

ఇప్పుడు నా వంతు. నేను పదహారేళ్ళు టీ ఎస్టేట్లో పనిచేశాను. మాది నెల్లూరు, పొట్టకూటికి కొండెక్కాను.

టీ మొక్క ఎలాంటిదంటే, రోజూ తడవాలి కానీ పాదం తడిగా ఉండకూడదు. ఏడాదికి 1500 మిల్లీమీటర్ల వాన కావాలి, అదీ నెలనెలా పంచి పడాలి. వేళ్ళ దగ్గర నాలుగు రోజులు నీళ్ళు నిలిచిందా, వేరు కుళ్ళి చస్తుంది. అందుకే కొండవాలు. చూడటానికి అందంగా ఉంటుందని ఎవరూ వాలులో నాటలేదు, నీళ్ళు జారిపోవాలని నాటారు. మా ఎస్టేట్లో కొత్త తోట వేస్తే ముందు మురుగు కాలవ తవ్వేవాళ్ళం, ఆ తర్వాతే మొక్క. నేల పుల్లగా ఉండాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5. బాబాయ్ గారి బోరు నీళ్ళు నెలరోజులు పోస్తే ఆకు పసుపెక్కి కూర్చుంటుంది. అంటే ఏ నీళ్ళు కప్పులో టీని పాడుచేస్తాయో, ఆ నీళ్ళే మొక్కకీ పడవు. ఇన్నాళ్ళూ ఈ రెండూ కలిపి ఆలోచించలేదు నేను.

మంచు సంగతి. మంచు పట్టిన కొండమీద ఎండ నేరుగా తగలదు, చలికి చిగురు మెల్లగా వస్తుంది. అలాంటి చిగుళ్ళలో అమైనో ఆమ్లాలు ఎక్కువ, వగరు తక్కువ. అందుకే ఆ తీపి. చైనా వాళ్ళకి దీనిమీద సామెత కూడా ఉందని విన్నాను.

అలకనంద, మే 15

ఉంది: "ఎత్తుకొండ, మబ్బు మంచు, మంచి టీ." నాలుగు మాటల్లో మీ పదహారేళ్ళ సర్వీసు.

రాజుగారూ, మీరు చెప్పిన మురుగు కాలవ మాట కూడా లు యూ చెప్పేశాడు. చిల్లులుపడి కుళ్ళిన రాతి నేలలో పెరిగిన టీ ఉత్తమం, గులకరాతి నేల మధ్యమం, పసుపు మన్ను అధమం అన్నాడు. కుళ్ళిన రాయి అంటే నీరు నిలవని నేల. ఆయన నీళ్ళ వరస, నేల వరస పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ కొండే పైన. రెండింట్లోనూ నీరు ఆగకూడదు, అలాగని ఉరకకూడదు.

ఇది కళ్ళారా చూడాలంటే ఫూజియెన్‌లోని వూయీ కొండలకి వెళ్ళాలి. ఎర్రటి నిట్టనిలువు బండలు, వాటి మధ్య సన్నటి లోయలు. ఆ సందుల్లో టీ పొదలు. ఎండ పూటలో కాసేపే పడుతుంది, బండల నుంచి నీరు రోజంతా చెమర్చినట్టు దిగుతూ ఉంటుంది. అక్కడ పేరున్న చోట్లని "మూడు గుంటలు, రెండు సెలయేళ్ళు" అంటారు. అంటే తోట విలువ కట్టడానికి వాళ్ళు చెప్పేది నీటి దారుల పేర్లు! అందులో న్యూలాన్‌కెంగ్ అంటే "పశువుల దొడ్డి గుంట". అక్కడ పెరిగే రౌగ్వెయ్ టీని కుర్రాళ్ళు ముద్దుగా "గొడ్డు మాంసం" అని పిలుస్తారు, రెండు పేర్లలోంచీ చెరో అక్షరం తీస్తే ఆ మాట వస్తుంది. మొదటిసారి విని నేను టీ కొట్టులోంచి లేచి వచ్చేశాను.

ప్రసిద్ధమైన దా హాంగ్ పావ్ టీ తల్లి పొదలు కూడా అక్కడే, బండ చెక్కుడులో. ఆరే ఆరు. 2006 నుంచి వాటి ఆకు కోయడం మానేశారు.

కోనసీమ కోడలు, మే 15

కోసే రోజుకి కూడా వాన లెక్క ఉంటుందా అండీ? మాకు కార్తెల లెక్క ఉన్నట్టు?

అలకనంద, మే 15

అచ్చం కార్తెలే! మనకు 27, వాళ్ళకు ఏడాదికి 24. ఏప్రిల్ 4, 5 ప్రాంతంలో చింగ్‌మింగ్ వస్తుంది. దానికి ముందు కోసిన లాంగ్‌జింగ్ బంగారం. ఏప్రిల్ 20 ప్రాంతంలో గూయూ, అంటే "ధాన్యపు వాన". దానికి ముందు కోసింది వెండి. వాన పడ్డాక చిగురు జోరుగా సాగుతుంది, నీరు పట్టి రుచి పలచబడుతుంది. మంచి రకం అరకిలోకి 30 వేలకు పైగా చిగుళ్ళు కావాలి, అన్నీ చేతికోతే. లు యూ అయితే వాన రోజు కోయొద్దు, మబ్బు పట్టినా కోయొద్దు అన్నాడు.

అంటే ఏడాదంతా తడి కావాలి, కోసే పూట మాత్రం పొడి కావాలి. బాబాయ్ గారూ, మీరు పెంకితనం అన్నారు చూడండి, సరిగ్గా అదే.

బోరునీటి బాబాయ్, మే 16

నా డబ్బా మీద చింగ్‌మింగ్ ముందరిదని రాసి ఉందట. బంగారాన్ని బోరు నీళ్ళలో కడిగానన్నమాట.

నల్లగొండ పోరడు, మే 17

రెండ్రోజుల నుంచి సదువుతున్న. ఒక్క మాట అడగాల్నని ఉన్నది.

నీళ్ళు మెడ జబ్బు తెస్తయని ఆ లు యూ సారు అన్నడు కద. మా మర్రిగూడ దిక్కు నీళ్ళు ఎముకలే వంచినయి. మా పెద్దనాయిన నలభై ఏండ్లకే నడుం వంగిపోయి నేల సూసుకుంట నడిచేటోడు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ అని తర్వాత తెల్సింది. ఇప్పుడు నల్లా నీళ్ళొచ్చినయి, గండం గడిసింది. ఫ్లోరైడ్ టీల కూడ ఉంటదని ఎక్కడనో సదివిన. నిజమా మాస్టారు? అట్లయితే చైనోళ్ళకు ఏమైతలేదా?

కెమిస్ట్రీ మాస్టారు, మే 17

నాయనా, నీ ప్రశ్న ఈ చర్చ మొత్తంలో బరువైనది. జాగ్రత్తగా చెప్తాను.

నిజం. టీ మొక్క పుల్లటి నేలలోంచి ఫ్లోరైడునీ, అల్యూమినియాన్నీ లాగి ఆకులో దాచుకుంటుంది. చిగురులో తక్కువ, ముదురాకులో చాలా ఎక్కువ. చిగురు టీ రోజుకి మూడు నాలుగు కప్పులు తాగేవాడు భయపడనక్కరలేదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ముదురాకుని, కాడల్ని ఇటుకల్లా అచ్చుపోసి చేసే టీలో. టిబెట్, ఇన్నర్ మంగోలియా లాంటి చోట్ల అదే రోజువారీ తాగుడు, వెన్నతోనో పాలతోనో గంటలు మరిగిస్తారు. అక్కడ కూరగాయలు తక్కువ కాబట్టి టీ లేనిదే పూట గడవదు. ఆ ప్రాంతాల్లో మీ ఊళ్ళో చూసిన జబ్బే వచ్చింది, నీళ్ళ వల్ల కాదు, ఇటుక టీ వల్ల. చైనా ప్రభుత్వం 2005 నాటి ప్రమాణంలో ఇటుక టీకి కిలోకి 300 మిల్లీగ్రాముల ఫ్లోరైడు హద్దు పెట్టింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు.

లు యూ చెప్పిన మెడ జబ్బు వేరు, అది గాయిటర్ (గొంతు గ్రంథి వాపు) అని చదువుతారు. కొండ ప్రాంతాల్లో అయోడిన్ లోపం. దూకే నీళ్ళ తప్పు కాదు అది, కానీ ఎక్కడి నీళ్ళకి ఏ రోగమో ముడిపెట్టి చూశాడు ఆయన.

ఇంకో మాట. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని ప్రపంచమంతా మీ జిల్లా పేరుతోనే పిలుస్తుంది, "నల్గొండ టెక్నిక్" అని.

నల్లగొండ పోరడు, మే 17

మా పేరు అట్ల ఎక్కిందా లోకానికి. మంచిది మాస్టారు. చిగురు టీనే తాగుత.

వేదిక నిర్వాహకుడు, మే 17

వంటింటి విభాగంలో మొదలైన చర్చని చరిత్ర విభాగానికి మార్చాను. పాల టీ గొప్పదా, ఇరానీ చాయ్ గొప్పదా అన్న పదకొండు వ్యాఖ్యలు వేరే చర్చలోకి తోశాను. అక్కడ కొట్టుకోండి.

తెలుగు పంతులు, మే 18

ఒక చిన్న మాట చెప్పి పోతాను. చైనాలో ఒకే అక్షరాన్ని ఎక్కువ చోట్ల "ఛా" అనీ, ఫూజియెన్ తీరాన "తె" అనీ పలుకుతారు. నేలదారిన నడిచొచ్చిన మాట పర్షియా మీదుగా "చాయ్" అయింది, ఓడెక్కి ఐరోపా చుట్టొచ్చిన మాట "టీ" అయింది. మనకు రెండూ వచ్చాయి. హైదరాబాదులో చాయ్, కోస్తాలో టీ. పైగా మనవాళ్ళు ఓడ మాటకి నీళ్ళు కలిపి "తేనీరు" అన్నారు. ఆకు చైనాది, నీరు మనది.

గోదారిగట్టు, మే 18

పంతులుగారూ, చివరి ముక్క కోసం వారంరోజులు ఎదురు చూశారా ఏంటి :)

నాకో అనుమానం. ఈ నీళ్ళ పరీక్షలన్నీ పెద్దమనుషుల గొప్పలే కదా? కళ్ళు మూసి తాగిస్తే చెప్పగలరా ఎవరైనా?

అలకనంద, మే 18

దీనికో కథ ఉంది, దానిమీద పోట్లాటా ఉంది.

9వ శతాబ్దంలో జాంగ్ యోషిన్ అనే ఆయన రాసిపెట్టిన కథ. యాంగ్‌జోలో లీ జీచింగ్ అనే అధికారికి లు యూ తటస్థపడ్డాడు. యాంగ్‌జీ నది నడుమ ఉన్న నాన్‌లింగ్ నీళ్ళు మహా గొప్పవి కదా అని, నమ్మకమైన సిపాయిని పడవ మీద పంపి కుండతో తెప్పించాడు అధికారి. లు యూ గరిటెతో ముంచి ఎత్తి చూసి, "ఇవి నది నీళ్ళే, నాన్‌లింగ్‌వి కావు, ఒడ్డు నీళ్ళు" అన్నాడు. సిపాయి ఒట్టేశాడు. లు యూ ఏమీ అనకుండా కుండలోంచి సగం పారబోసి, "ఇక్కడ్నుంచి నాన్‌లింగ్" అన్నాడు. సిపాయి కాళ్ళమీద పడ్డాడు. పడవ ఊగి సగం ఒలికిపోతే, తక్కువైందని తిడతారేమోనని ఒడ్డున నింపేశాడట.

ఆ తర్వాత లు యూ చెప్పాడంటూ 20 నీళ్ళ పట్టీ ఇచ్చాడు జాంగ్. మొదటిది లూషాన్ కొండ జలపాతం, రెండోది వూషీలోని హ్వెయ్‌షాన్ ఊట, 20వది మంచు కరిగిన నీళ్ళు.

రెండొందల ఏళ్ళ తర్వాత సోంగ్ కాలంలో ఓయాంగ్ షియూ అనే పండితుడు దీన్ని ఉతికి ఆరేశాడు. దూకే నీళ్ళు తాగొద్దన్నవాడే జలపాతానికి మొదటి స్థానం ఎలా ఇస్తాడు? అంతా కట్టుకథ అన్నాడు. గోదారిగట్టు గారూ, మీ అనుమానం వయసు వెయ్యేళ్ళు.

కెమిస్ట్రీ మాస్టారు, మే 19

ఓయాంగ్ గారికి నా నమస్కారాలు.

మరి చియెన్‌లోంగ్ చక్రవర్తి ప్రయోగం చూడండి. 18వ శతాబ్దం. వెండి కొలపాత్ర చేయించి దేశంలోని పేరున్న ఊటల నీళ్ళు తూయించాడు. తేలిక నీరే మంచి నీరని లెక్క. బీజింగ్ యూచువాన్ ఊట పాత్రకి 1 లియాంగ్ (పాత చైనా తూకం) తూగింది. హ్వెయ్‌షాన్, హూపావ్ నీళ్ళు దానికన్నా 4 లీ బరువు తేలాయి. వెంటనే తన ఊరి ఊటకి "భూమ్మీద మొదటి ఊట" అని బిరుదిచ్చేశాడు.

నాకు ముచ్చటేసి లెక్క కట్టాను. 1 లియాంగ్‌కి 1000 లీలు. 4 లీలంటే వెయ్యికి నాలుగు. ఆ తేడా కరిగిన ఖనిజాల వల్లే వచ్చిందంటే హూపావ్ నీటిలో లీటరుకి నాలుగైదు గ్రాములు అదనంగా ఉండాలి, అంటే బాబాయ్ గారి బోరుకి అయిదారు రెట్లు. నోట్లో పెట్టుకోలేం. అదే 10 డిగ్రీల నీళ్ళనీ 30 డిగ్రీల నీళ్ళనీ తూచండి, బరువులో తేడా దాదాపు వెయ్యికి నాలుగే వస్తుంది. అంటే దొరవారు ఖనిజాలు తూచానని వేడి తూచి ఉండొచ్చు. లేదా తక్కెడ తప్పు. చక్రవర్తి తక్కెడ తప్పని ఎవరు చెప్తారు?

చెంగ్డూ డాక్టర్, మే 19

మాస్టారు, "భూమ్మీద మొదటి ఊట" ఎన్ని ఉన్నయో ఎరుకనా? బీజింగ్ల ఒకటి, జీనాన్ల ఒకటి, జెన్‌జియాంగ్ల ఒకటి, లూషాన్ల ఒకటి. జెన్‌జియాంగ్‌ది గమ్మత్తు, అదే మేడం చెప్పిన నాన్‌లింగ్. 19వ శతాబ్దంల నది పక్కకు జరిగింది, ఇప్పుడు ఆ ఊట పొడినేల మీద పార్కులున్నది. గోడ కట్టి, పేరు చెక్కి పెట్టిన్రు. హ్వెయ్‌షాన్‌కు మాత్రం "రెండో ఊట" అన్న పేరు మీద ఎవ్వడూ పోటీకి రాలే. అందుకే దాని పేరే గట్టిగ నిలిచింది.

అలకనంద, మే 19

హ్వెయ్‌షాన్ నీళ్ళ కోసం టాంగ్ మంత్రి లీ దేయూ గుర్రాల టపా పెట్టించాడని చెప్తారు. వూషీ నుంచి చాంగాన్ రాజధానికి వెయ్యి కిలోమీటర్లకు పైనే! జనం విసుక్కున్నారు. ఒక భిక్షువు వచ్చి "అయ్యా, మీ ఊళ్ళోనే ఒక బావికీ ఆ ఊటకీ అడుగున దారి ఉంది" అని చెప్పి ఆ టపా మాన్పించాడట. తెలివైనవాడు, తప్పని చెప్పకుండా తప్పు మాన్పించాడు.

మోసం భయం కూడా ఎప్పుడూ ఉంది. 1060లలో కవి సూ షీ ఫెంగ్‌షియాంగ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు గుహ నీళ్ళు తెప్పించుకునేవాడు. నౌకరు దారిలో ఏ కాలవలోనో ముంచి తెస్తాడని అనుమానమొచ్చింది. వెదురు బద్ద రెండుగా చీల్చి ఒకటి గుడి భిక్షువు దగ్గర పెట్టాడు. నౌకరు రెండో ముక్క చూపించి, గుహ దాకా వెళ్ళినట్టు ఆనవాలు తేవాలి. దానికి "నీళ్ళ చీటీ" అని పేరు పెట్టి, తనమీద తనే నవ్వుకుంటూ పద్యం రాశాడు. వయసు మళ్ళాక, హైనాన్ దీవికి ప్రవాసం పంపితే అక్కడ నౌకరూ లేడు, చీటీ లేదు. రాత్రిపూట తనే నది ఒడ్డు రాతి మీదికి వెళ్ళి, పెద్ద సొరబుర్ర గరిటెతో చంద్రుణ్ణి కూడా ముంచుకుని కుండలో పోసుకున్నానని రాశాడు. నాకు ఆ రెండో సూ షీ ఇష్టం.

కోనసీమ కోడలు, మే 20

మేడం గారూ, బావి నీళ్ళు అధమం అన్న మాట నాకు మింగుడు పడలేదు. మా బావి నీళ్ళు కొబ్బరి నీళ్ళే.

అలకనంద, మే 20

మీ పక్షాన ఒక చక్రవర్తి ఉన్నాడు. 1107 ప్రాంతంలో సోంగ్ చక్రవర్తి హ్వెయ్‌జోంగ్ స్వయంగా టీ మీద రాశాడు. నీరు స్వచ్ఛంగా, తేలికగా, తియ్యగా, శుభ్రంగా ఉంటే చాలు, ఎక్కడో దూరాన ఉన్న పేరున్న ఊటలు అందరికీ దొరుకుతాయా అన్నాడు. కొండ ఊట తర్వాత రోజూ చేదే బావే మేలు, నది నీళ్ళు చేపల వాసన, బురద, వద్దు అని లు యూ వరస తిప్పేశాడు. రాజ్యం పోగొట్టుకున్నాడు కానీ నీళ్ళ విషయంలో బుద్ధిమంతుడు.

నీలగిరి రాజు, మే 20

నా మనసంతా పెంచే వైపే ఉంది, మన్నించండి. 2009, 10లలో యున్నాన్‌లో పెద్ద కరువు వచ్చింది. 2022 వేసవిలో యాంగ్‌జీ లోయంతా ఎండిపోయింది. ఇలాంటప్పుడు కొమ్మ నాటిన తోటలు ముందు వాడతాయి, వాటికి తల్లివేరు ఉండదు. గింజ నుంచి పుట్టిన చెట్టుకి తల్లివేరు లోతుకి దిగుతుంది. యున్నాన్‌లోని జింగ్‌మాయ్ కొండలో అలాంటి పాత చెట్లు అడవి నీడలోనే పెరుగుతాయి. బ్లాంగ్, దాయ్ తెగలవాళ్ళు తరతరాలుగా పైన అడవిని కొట్టకుండా ఉంచి కింద టీ పెంచుకున్నారు. 2023లో ఆ కొండ యునెస్కో వారసత్వ పట్టీలో చేరింది. మేము ఎస్టేట్లలో అడవి నరికి, తర్వాత స్ప్రింక్లర్లు కొన్నాం.

బోరునీటి బాబాయ్, జూన్ 24

నెల తర్వాత వచ్చాను. ఊరికే రాలేదు, పరీక్ష చేసి వచ్చాను.

నాలుగు గ్లాసులు, ఒక్కోదానికి మూడు గ్రాముల ఆకు, 80 డిగ్రీలు. ఒకటి బోరు. రెండు ఆర్‌ఓ. మూడు కొన్న నీళ్ళ డబ్బా. నాలుగు, మొన్న పడిన వాన నీళ్ళు, డాబా మీద స్టీలు బేసిన్ పెట్టి పట్టి, గుడ్డలో వడగట్టి, కాచినవి. గ్లాసుల అడుగున అంకెలు అంటించి మా ఆవిడతో మార్పించాను. గోదారిగట్టు గారు అడిగారు కాబట్టి.

బోరు మొదటి గుక్కలోనే దొరికిపోయింది. డబ్బా నీళ్ళు బాగానే ఉన్నాయి. ఆర్‌ఓలో రంగు బాగుంది కానీ రుచి చప్పగా, నీళ్ళు నడుస్తున్నట్టు ఉంది. వాన నీళ్ళలో మాత్రం వచ్చింది ఆ పెసరపప్పు వాసన. ఏది మేలంటే నేను వాన అన్నాను, మా ఆవిడ డబ్బా నీళ్ళు అంది, మేనల్లుడు ఆర్‌ఓ అన్నాడు. బోరు అధమం అన్న ఒక్క మాట మీదే ముగ్గురం ఏకమయ్యాం.

కెమిస్ట్రీ మాస్టారు, జూన్ 24

సరిగ్గా ఉంది. ఖనిజాలు మరీ ఎక్కువైనా కష్టమే, బొత్తిగా లేకపోయినా కొందరికి చప్పగానే అనిపిస్తుంది. కానీ ముగ్గురు మనుషులు, ఒక్క పూట. దీనిమీద పుస్తకం రాయకండి.

అలకనంద, జూన్ 24

వాన నీళ్ళా! ఇక్కడ జూన్, జూలైల్లో పడే ముసురుని "ప్లమ్ వాన" అని పిలుస్తారు, ప్లమ్ పళ్ళు పండే కాలం అని. పాతకాలంలో ఆ నీళ్ళు జాడీల్లో పట్టి ఏడాదంతా టీకి దాచుకునేవారు. ఇంతకీ బాబాయ్ గారూ, పట్టింది మొదటి వానా, రెండోదా?

బోరునీటి బాబాయ్, జూన్ 25

రెండోదే. మొదటి వాన డాబా కడగడానికి సరిపోయింది.